ఇరవై రెట్ల కొండ

నేను చేసే పని గోరంతను కొండంత చేయడం. ఎత్తిపొడుపు కాదు, అక్షరాలా అదే పని. సర్వే ఆఫీసులో మోడళ్ల గది నాది. దేశం మొత్తాన్ని ప్లాస్టర్‌తో బల్ల మీద పోత పోస్తాను. ఆరడుగుల బల్ల మీద దేశం పట్టాలంటే ఐదు కిలోమీటర్లను ఒక సెంటీమీటరుకు కుదించాలి. ఎత్తుల్ని కూడా అదే లెక్కన కుదిస్తే వెయ్యి మీటర్ల పీఠభూమి రెండు మిల్లీమీటర్లు తేలుతుంది. బల్ల తుడిచే గుడ్డ మడత అంతకంటే ఎత్తు. అందుకని ఎత్తుల్ని ఇరవై రెట్లు పెంచుతాం. పెంచామని మూలన ఒక ముక్క రాస్తాం. రాస్తే అది శాస్త్రం, రాయకపోతే అబద్ధం. రెండింటికీ తేడా ఆ ముక్కే.

ఒక మ్యాపు మీద కూడా ఆ ముక్క నేను రాశాను. సిరాతో రాశాను. ఆ మ్యాపు మాత్రం చూపులేని పిల్లల బడి కోసం చేసింది.

పదహారేళ్లు ఆ సంగతి నన్ను పెద్దగా కుట్టలేదు. మొన్న ఆదివారం మా అక్క ఇంట్లో కుట్టింది.

అక్క కూతుర్ని మేమంతా అంగుళం అంటాం. పుట్టుకతోనే చూపు లేదు. నాలుగేళ్లప్పటినుంచి చేతికందిన ప్రతిదాన్నీ వేళ్లు పేర్చి కొలిచేది. తలుపు గొళ్లెం నాలుగు వేళ్లు, వాళ్ల నాన్న ముక్కు మూడు వేళ్లు. నాకు ముప్పై ఐదు దాటిన రోజుల్లో ఓసారి నా నుదురు తడిమి, "మావయ్యా, మొన్నటికంటే ఒక వేలు పెరిగింది" అంది. జుట్టు ఊడిపోతోందని నాకు మొదట చెప్పింది ఆ పిల్లే. ఇప్పుడు దానికి ఇరవై ఆరు. తను చదువుకున్న బడిలోనే ఆరేళ్లుగా చిన్నపిల్లలకు వయొలిన్ నేర్పుతోంది. ఉద్యోగం మాత్రం తాత్కాలికం. ఏటా సెలవులు అయ్యాక మళ్లీ పిలుస్తారో లేదో అని ఎదురుచూడటమే.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి దాని ఒడిలో ఒక ఉత్తరం ఉంది. పడమటి పీఠభూమి మీద, అంచుకు దగ్గర్లో ఉన్న ఊళ్లో చూపులేని పిల్లలకు కొత్త బడి పెడుతున్నారట. సంగీతం టీచరుగా రమ్మన్నారు. పర్మనెంటు ఉద్యోగం, బడి ఆవరణలోనే ఇల్లు. శుక్రవారంలోగా జవాబు పోస్టు చెయ్యాలి. ఉత్తరం బ్రెయిలీలో ఉంది. ఎన్నిసార్లు చదివిందో, కొన్నిచోట్ల చుక్కలు అణిగిపోయాయి.

"ఎప్పుడు ప్రయాణం?" అన్నాను.

"వెళ్లట్లేదు మావయ్యా."

"ఏం? ఊరు నచ్చలేదా?"

"ఊరు తెలీదు. దారి తెలుసు. నీ మ్యాపు మీద చిన్నప్పుడు ఎన్నిసార్లు తడిమానో. రెండు వేళ్లు ముందుకి, రెండున్నర వేళ్లు పైకి. అది కొండ కాదు, గోడ. దానిమీద బస్సులు పోతాయంటారు. పోతాయేమో. పైకెళ్లాక? ఆ గోడ అంచునే కదా ఊరు. కర్ర ఒక్కసారి తప్పిందనుకో..." ఆగి నవ్వేసింది. "పిరికిదాన్నేలే. అనుకో."

అక్క కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి నా పక్కన కూలబడింది. దాని మొహం వెలిగిపోతోంది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు చేసిన మ్యాపే నా బిడ్డని నా దగ్గర ఉంచిందిరా. ఇన్నాళ్లకి నీ చదువు నాకు పనికొచ్చింది" అంది.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనలేదు. నేనే భుజాలు తడుముకున్నాను. కాఫీలో చక్కెర వేశారో లేదో కూడా తెలియలేదు. "ఆలోచించుకో అమ్మా, శుక్రవారం దాకా టైముందిగా" అని గొణిగి లేచి వచ్చేశాను.

ఆ మ్యాపు కథ చెప్పాలి. మా ఆఫీసుకు ఆ బడి నుంచి ఆర్డరు వచ్చినప్పుడు నేనే అడిగి మరీ తీసుకున్నాను. మేనకోడలు చదివే బడి. నా చేతి పని ఆ పిల్ల చేతికి తెలుస్తుందన్న ఆశ. మూడు నెలలు చేశాను. తూర్పున సముద్రపు ఒడ్డంతా పల్లం, అక్కడ ఒక పూత చాలు. నది సముద్రంలో కలిసేచోట అరచెయ్యి పెడితే బల్లే అనుకుంటారు, అంత చదును. మధ్యన మైదానం, పడమటికి పోయేకొద్దీ వేలికి తెలిసీ తెలియనంత వాలు. ఉత్తరాన చిన్న చిన్న గుట్టలు. వాటితో నాకు ఓపిక ఉండదు, పిండిముద్దలు అతికించినట్టు అతికించేశాను. పడమటి పీఠభూమి మాత్రం నా ప్రాణం. వంద మీటర్లకు ఒక అట్ట చొప్పున పది అట్టలు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మెట్లు కనబడకుండా ప్లాస్టర్ మెత్తి, అంచును ఉలితో తీర్చాను. కిటికీలోంచి ఎండ పడితే ఆ అంచు నీడ మైదానం మీద పరుచుకునేది. ఎంత మురిసిపోయానో. వేళ్లకోసం చెయ్యాల్సిన వస్తువును కళ్లకోసం చేస్తున్నానని తట్టనే లేదు.

బడిలో పెద్ద టీచరమ్మ ఉంది. ఆమెకూ చూపు లేదు. నదుల పేర్లు, ఊళ్ల పేర్లు, సెంటీమీటరుకు ఐదు కిలోమీటర్లన్న కొలత, అన్నీ సన్నటి రేకుల మీద చుక్కలుగా పొడిచి ఇచ్చింది. నేను అతికించాను. చివర్లో ఆమె, "మూలన ఇంకో వరుసకు చోటుంది. ఏం పెట్టమంటారు?" అని అడిగింది.

నేను నా పేరు పెట్టమన్నాను.

ఎత్తులు ఇరవై రెట్లు పెంచి చూపబడినవి అన్న ముక్కను ఆ రేకు కిందే, చెక్క చట్రం మీద, నల్ల సిరాతో ముత్యాల్లాంటి అక్షరాల్లో రాశాను. తనిఖీకి వచ్చే ఆఫీసరు చూసి తల ఊపాలిగా. ఊపాడు.

మ్యాపు తెరిచిన రోజున ఊరి పెద్దలు, పత్రికల వాళ్లు, మా ఆఫీసరు చుట్టూ నిలబడ్డారు. పదేళ్ల అంగుళం చెయ్యి ముందుకొచ్చి, సముద్రం దగ్గర మొదలుపెట్టి, మైదానం దాటి, పీఠభూమి అంచు దగ్గర టక్కున ఆగింది. వేళ్లు పేర్చి కొలిచింది. తల నావైపు తిప్పి, "మావయ్యా, కొండ నిజంగా ఇలాగే ఉంటుందా? కొలిచే చేశావా?" అంది.

ఆ పిల్ల ఏమడుగుతోందో నాకు తెలుసు. తెలియలేదని ఇప్పుడు కూడా అనను. "లేదమ్మా, పెంచి చేశాను" అంటే సరిపోయేది. పక్కన ఆఫీసరు, ఎదురుగా ఫోటోలు తీసేవాళ్లు. "కొలవకుండా చేస్తానటే? వెంట్రుకవాసి తేడా ఉంటే నన్నడుగు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంగుళం కూడా కొట్టింది.

రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు పదహారేళ్లు నడిచింది.

మంగళవారం ఆఫీసులో పనుందని చెప్పి బడికి వెళ్లాను. మ్యాపు వరండా చివరి గదిలో అలాగే ఉంది. ముందు సంతోషపడ్డాను, తర్వాత దగ్గరికి వెళ్లి చూశాను. సముద్రపు ఒడ్డున నేను వేసిన పచ్చరంగు పూర్తిగా అరిగిపోయి తెల్లటి ప్లాస్టర్ బయటపడింది. నదులు మరీ నునుపెక్కాయి. ఉత్తరాన నేను ఓపిక లేక అతికించిన గుట్టలు కూడా పిల్లల వేళ్లకు నిగనిగలాడుతున్నాయి. పీఠభూమి అంచు కింద మట్టి రంగు మరక, వేళ్లన్నీ అక్కడిదాకా వచ్చి ఆగిన గుర్తు. దానిమీద, పీఠభూమి అంతటా, నా గోధుమరంగు నిన్న వేసినట్టుంది. కాస్త దుమ్ము కూడా ఉంది.

పదహారేళ్లలో ఎన్ని చేతులు వచ్చి ఉంటాయి! ఒక్కటీ పైకెక్కలేదు.

అడుగుల చప్పుడు విని పెద్ద టీచరమ్మ వచ్చింది. నెరిసిన తల, అదే గొంతు. "మీరేనా? ప్లాస్టర్ వాసన మీతోనే వస్తుంది" అంది.

"పిల్లలు పడమటి వైపు ముట్టుకోరా?" అన్నాను.

"దాని జోలికి పోరండీ. గోడ అంటారు. మేం చెబుతూనే ఉంటాం, మనుషులుంటారు, పొలాలుంటాయి అని. వేలికి తెలిసినదాని ముందు మా మాటెంత?" అని నవ్వి, మూలన రేకు మీద వేలు ఆనించింది. "మీ పేరు మాత్రం అందరికీ కంఠతా. చుక్కలు అరిగిపోయాయి చూడండి."

నా పేరు నేను చదవలేను, నాకు ఆ చుక్కలు రావు. అరగడం మాత్రం కనిపించింది. ఆ ముసలావిడకు అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. వరండాలో చెప్పులు వెతుక్కుంటున్నట్టు కాసేపు నటించి వచ్చేశాను.

ఒప్పుకుంటే ఏమవుతుంది? అక్క జన్మలో నా మొహం చూడదు. కూతుర్ని కొండమీదికి తోలేశావంటుంది. ఒప్పుకోకపోతే? ఏమీ అవదు. అంగుళం వెళ్లదు, అక్క సంతోషం, నేను మంచివాణ్ణి. అందరూ సుఖంగా ఉండే ఏర్పాటు. ఒక్క అంగుళం తప్ప. దానికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఎంత సుళువైన పాపమో!

బుధవారం మోడళ్ల గదిలో ఒక అడుగు పొడవు చెక్కబద్ద తీసుకుని, దానిమీద ఆ కొండదారిని మాత్రం అసలు కొలతతో పోశాను. పెంచకుండా. వెయ్యి మీటర్లకు రెండు మిల్లీమీటర్లు. ముప్పై ఏళ్లలో నేను నిజం పొయ్యడం అదే మొదటిసారి. చూస్తే అది మోడల్‌లా లేదు, సరిగ్గా చిత్రిక పట్టని చెక్కలా ఉంది. గురువారం దాన్ని మళ్లీ రుద్దాను. ఇంటికి తెచ్చి ఇంకోసారి రుద్దాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. దానికి ఆదివారమే అంతా చెప్పాను. "మీరు బద్దని నున్నగా చేస్తున్నారా, రేపటిని వెనక్కి జరుపుతున్నారా?" అంది. శుక్రవారం పొద్దున తనే నా సంచిలో బద్ద పెట్టి నా చేతికిచ్చింది.

బడిలో వయొలిన్ గదిలో అంగుళం ఒక్కతే ఉంది. బల్లమీద కవరు, దానిలో మడిచిన మందపాటి కాగితం. రానని రాసేసింది. మధ్యాహ్నం ప్యూను వచ్చి పోస్టుకు తీసుకెళ్తాడట.

"మావయ్యా? ఈ టైములోనా? అమ్మ బానే ఉందా?"

"అందరూ బావున్నారు. చెయ్యి ఇలా ఇవ్వు."

దాని చూపుడువేలు బద్ద ఈ చివర పెట్టాను. "ఇది మైదానం. ఆ చివరికి పో. నువ్వు వెళ్లనన్న దారే."

వేలు మెల్లగా జరిగింది. సగం దాటింది. చివరికొచ్చి గాల్లో పడింది. వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లింది. "కొండేదీ?"

"ఎక్కేశావమ్మా. రెండుసార్లు."

వేలు ఆగిపోయింది. నేను ఇంక ఆగకుండా చెప్పేశాను. అట్టలు, ఇరవై రెట్లు, సిరా, రేకు మీద నా పేరు, ఆ రోజు చప్పట్లు, అన్నీ. నన్ను చూసి జాలిపడటానికి కూడా దానికి వీల్లేదు కదా అనుకున్నాను. ఆ ఆలోచనకే మళ్లీ సిగ్గేసింది.

అది బద్దను దగ్గరికి లాక్కుంది. బద్దమీద వేళ్లు పేరుస్తూ ఉంది.

"ఇరవైయేనా? కరెక్టుగా ఇరవయ్యా?" అంది చివరికి.

"కరెక్టుగా ఇరవై."

"నాలుగు సెంటీమీటర్లు ఎత్తు. సెంటీమీటరుకి ఐదు కిలోమీటర్లు. ఇరవై కిలోమీటర్లు. ఇరవై రెట్లు తీసేస్తే ఒక కిలోమీటరు." దాని గొంతు సన్నబడింది. "వెయ్యి మీటర్లు. టీచర్ చెప్పింది అదే."

"ఏ టీచరు?"

"ఆరో క్లాసులో లెక్కల టీచర్. మ్యాపు చూసి పీఠభూమి ఎత్తు కట్టమంది. ఇరవై కిలోమీటర్లని రాశా. క్లాసంతా నవ్వారు. వెయ్యి మీటర్లంది ఆవిడ, మళ్లీ చెయ్యమంది. పదిసార్లు చేశా. పదిసార్లూ ఇరవై కిలోమీటర్లే. మ్యాపు తప్పేమో అనిపించింది ఓసారి. కానీ నువ్వు కొలిచే చేశానన్నావుగా. వెంట్రుకవాసి తేడా లేదన్నావు. మరి తప్పు నాదే అయ్యుండాలి." బద్దను బల్లమీద పెట్టేసింది. "నాకు లెక్కలు రావని అప్పుడే తేలిపోయింది. ఆ తర్వాత లెక్కల క్లాసంటే కడుపునొప్పి. పదో క్లాసులో వదిలేశా. వయొలిన్ అందుకే పట్టుకున్నా. ఇష్టమై కాదు మావయ్యా. ఇష్టం తర్వాత వచ్చింది."

కొండ గురించి క్షమాపణ చెప్పడానికి వెళ్లాను నేను. దానికోసం మాటలు కూడా కూర్చుకుని వెళ్లాను. ఈ పిల్లకు లెక్కలంటే ప్రాణమని, గొళ్లాలూ ముక్కులూ కొలుస్తూ తిరిగేదని నాకంటే ఎవరికి బాగా తెలుసు? అది లెక్కలు ఎందుకు వదిలేసిందని ఒక్కరోజైనా అడగలేదు. "సంగీతం బావుంటుందిలే ఆడపిల్లకి" అన్నది కూడా నేనే.

"అంగుళం..." అన్నాను.

"ఆ మూల సిరాతో ఇంకా ఏమేం రాసుంది, మాకు చెప్పకుండా?"

"ఇంకేం లేదమ్మా. ఒట్టు."

"నువ్వంటే నమ్మాల్సిందేగా" అంది. కోపంగా కూడా అనలేదు. "కాసేపు బయటికెళ్లు మావయ్యా. రాసుకోవాలి."

వరండాలో నిలబడ్డాను. లోపల్నుంచి సూదితో కాగితం మీద చుక్కలు పొడిచే చప్పుడు టకటకా వినిపిస్తోంది. మధ్యలో ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. కాసేపటికి తలుపు తెరిచి అంటించిన కవరు నా చేతిలో పెట్టింది.

"పోస్టు చేసెయ్యి."

"ఏం రాశావే?"

"చుక్కల్లో ఉంది" అంది. తలుపు వేసుకుంది.

పోస్టాఫీసు దాకా ఆ కవరు మీద బొటనవేలు రాస్తూనే నడిచాను. లోపల చుక్కలు పొడుచుకొచ్చి తగులుతున్నాయి. ఒక్కటీ అర్థం కాలేదు. రానని రాసిందేమో, వస్తానని రాసిందేమో. అడగడానికి నాకు మొహం లేదు. కవరు డబ్బాలో వేసేశాను.

నాలుగో రోజున అక్క ఆఫీసుకే వచ్చింది. మోడళ్ల గది గుమ్మంలో నిలబడి, "చల్లగా ఉండరా" అంది. దీవెన కాదది. అప్పుడు తెలిసింది అంగుళం వెళ్తోందని. అక్క ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. అంగుళం బయల్దేరిన రోజు నన్ను బస్టాండుకు రమ్మని ఎవరూ చెప్పలేదు. నేనూ వెళ్లలేదు.

ఆ రోజు బడికి వెళ్లాను. పెద్ద టీచరమ్మకు అంతా చెప్పాను. ఆమె కొత్త రేకు మీద ఇరవై రెట్ల సంగతి చుక్కల్లో పొడిచి ఇచ్చింది. పాత రేకును ఉలితో లేపాను. పదహారేళ్ల జిగురు, నా పేరు అంత తేలిగ్గా ఊడి రాలేదు. కొత్తది అతికించి, సరిగ్గా అతుక్కుందా అని కళ్లు మూసుకుని తడిమి చూశాను.

రెండు వారాల తర్వాత ఫోను వచ్చింది.

"మావయ్యా, నేనే."

"చెప్పమ్మా, చెప్పు. ఎలా ఉంది?"

"ఎక్కడం ఎప్పుడు మొదలైందో తెలీనే లేదు. మైదానమే అనుకుంటున్నా. చెవులు మూసుకుపోయాయి. పక్కావిడ నవ్వి, సగం ఎక్కేశాం అంది. ఊరంతా చదునే. అంచు ఎక్కడో ఉంది, నాకింకా దొరకలేదు." గాలి చప్పుడు వినిపించింది కాసేపు. "పిల్లలు బావున్నారు. పన్నెండుమంది."

"ఏమైనా కావాలా? పంపిస్తాను."

"ఏం వద్దు." మళ్లీ ఆగింది. "ఇక్కడ లెక్కలకి ఎవరూ దొరకలేదట. వయొలిన్‌తోపాటు అవి కూడా చెబుతావా అని నిన్న హెడ్‌మాస్టర్ అడిగారు."

"నువ్వేమన్నావు?"

"నాకు లెక్కలు రావండీ అన్నా. ఆయన సరే అని వెళ్లిపోయారు. అన్నాక గుర్తొచ్చింది మావయ్యా, వచ్చని."